ఫోటో కింద 3/10 అని రాసి ఉంటే అర్థమేమిటి?

గ్యాలరీలో ఫోటో ప్రింట్ కింద 3/10 అని ఉంటే, ఆ సైజులో అమ్మకానికి మొత్తం పది ప్రింట్లే వేశారని, ఇది మూడో నంబరుదని అర్థం.

పెయింటింగ్, కొల్లాజ్ సాధారణంగా ఒక్కటే ఉంటాయి. ఫోటోకి నెగటివ్ గానీ ఫైల్ గానీ ఉంటే వేలల్లో తీయొచ్చు. అందుకే ఆర్టిస్టే ‘ఇన్నే’ అని హద్దు పెట్టుకుంటారు, అదే ఎడిషన్. కంచు శిల్పాలకూ ఇంతే. ఫ్రాన్స్‌లో ఒక అచ్చు నుంచి 12 పోతల వరకే ఒరిజినల్ కింద లెక్క.

ఉదాహరణకు జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999 నాటి ‘రైన్ 2’: పచ్చగడ్డి, బూడిదరంగు నది, మబ్బు, అంతే. గట్టు మీది భవనాలను కంప్యూటర్లో చెరిపేశాడు. ఎడిషన్ ఆరు ప్రింట్లు. అందులో ఒకటి 2011లో న్యూయార్క్ వేలంలో దాదాపు 43 లక్షల డాలర్లు పలికింది.

1/10 మేలైనదనీ, 10/10 నాసిరకమనీ చాలామంది అనుకుంటారు. రాగి రేకు మీద గీసి తీసే ప్రింట్లలో రేకు అరిగేకొద్దీ గీతలు పలచబడతాయి కాబట్టి అక్కడ ఆ మాటలో కొంత నిజముంది. ఫోటోకి ఆ బాధ లేదు. అన్నట్టు, నంబరు బదులు ‘ఏ.పి.’ అని కనిపిస్తే అది ఆంధ్రప్రదేశ్ కాదు, ఆర్టిస్ట్ ప్రూఫ్: ఆర్టిస్టు తన కోసం ఉంచుకునే ప్రింట్.