వంటింట్లో బండలా, టైల్సా?

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, పాత ఇల్లు బాగు చేయించుకుంటున్నవాళ్ళు పంపిన ప్రశ్నల్లో ఈసారి వంటింటి నేల గురించినవి తీసుకున్నాం.

ప్రశ్న: ఇల్లు పూర్తి కావస్తోంది. వంటగది 10 × 12 అడుగులు. హాల్లో వేస్తున్న మెరిసే విట్రిఫైడ్ టైల్సే ఇక్కడా వేద్దామంటున్నాడు మేస్త్రి. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, జారి పడుతుందేమోనని భయంగా ఉంది. గ్రానైట్ వేయిస్తే నయమా?
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. హాల్లో వేసే టైల్స్ వంటింటికి వద్దు. మెరుపు టైల్ పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. నీళ్ళతో పాటు నూనె చుక్క పడిందంటే కాలికి పట్టు దొరకదు. మ్యాట్ ఫినిష్ తీసుకోండి. ఎంత జారుతుందో చెప్పడానికి టైల్స్‌కు ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తులుంటాయి. అంకె పెరిగినకొద్దీ గరుకు ఎక్కువ. ఇంటి వంటగదికి ఆర్10 చాలు. మరీ గరుకు తీసుకుంటే పిండి, జిడ్డు అందులో ఇరుక్కుని ఎంత తుడిచినా రావు. దుకాణంలో నమూనా టైల్‌ను కింద పెట్టించి, నీళ్ళు చల్లి, రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వేసి, చెప్పులు విప్పి పాదంతో రుద్ది చూడండి. బోర్డు మీద నిలబెట్టిన టైల్‌ను చూసి మాత్రం కొనకండి.

ఇంకో సంగతి కూడా అడగాలి. డిజైన్ ముద్రించిన గ్లేజ్డ్ విట్రిఫైడ్ రకంలో రంగంతా పైన పల్చటి పొరలోనే ఉంటుంది. కుక్కరో ఇనుప మూకుడో జారిపడి పెచ్చు లేస్తే లోపలి మట్టిరంగు బయటపడుతుంది. ఫుల్ బాడీ రకంలో పైనుంచి కింది దాకా ఒకటే రంగు. ధర ఎక్కువే, కానీ వంటింటి మేర వేసుకుంటే ఆ డబ్బు దండగ కాదు.

గ్రానైట్ తప్పకుండా మంచిదే. కరీంనగర్ టాన్ బ్రౌన్ ముదురు గోధుమరంగులో ఉంటుంది కాబట్టి మరకలు అంతగా కనబడవు. చింతపులుసు, నిమ్మరసం పడినా మెరుపు పోదు. కానీ పాలిష్ గ్రానైట్ కూడా తడిలో టైల్‌లాగే జారుతుంది. మెరుపు లేకుండా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ అడగండి. గ్రానైట్ బండ మందం 16 నుంచి 18 మిల్లీమీటర్లు, టైల్‌ది 9 లేదా 10. హాల్లో టైల్స్, వంటింట్లో గ్రానైట్ అనుకుంటే కింద మాలు వేసేటప్పుడే ఆ తేడా లెక్క చూసుకోవాలి. లేకపోతే దర్వాజ దగ్గర మెట్టు లేచి, మీ అత్తమ్మ కాలికి అదే తగులుతుంది.

మీ ఇంటికి మా సలహా: మ్యాట్ ఫుల్ బాడీ టైల్స్. రోలు, గ్రైండర్ పెట్టే మూలలో మాత్రం 2 × 2 అడుగుల గ్రానైట్ ముక్క, దాని కింద సందు లేకుండా పూర్తిగా మాలు. దంచేటప్పుడు పడే దెబ్బకు టైల్ ఆగదు. మీ గది 120 చదరపు అడుగులు, కోతలో పోయేది 10 శాతం కలిపితే 132. రెండడుగుల టైల్స్ నాలుగున్న పెట్టెకు సుమారు 15.5 చదరపు అడుగులు వస్తాయి కాబట్టి 9 పెట్టెలు కావాలి. అన్ని పెట్టెల మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటే ఉన్నాయో లేదో బండిలోంచి దించకముందే చూసుకోండి. మిగిలిన టైల్స్ పారేయకండి. ఐదేళ్ళ తర్వాత అదే రంగు దొరకదు.

ప్రశ్న: మాది పాత ఇల్లు. వంటింట్లో తాండూరు బండలు తెల్లబారి, మెరుపు పోయాయి. వాటి మీదే టైల్స్ వేసేయమంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వేయొచ్చు, కానీ తొందరపడకండి. తాండూరు బండ సున్నపురాయి. చింతపులుసు, నిమ్మకాయ, బాత్రూం యాసిడ్ ఏది పడినా పైపొరను తింటాయి. మీకు కనబడే తెలుపు అదే. బండ పాడైందని అర్థం కాదు. సందుల్లో పాత సిమెంటు గీకి కొత్తది నింపించి, మిషన్ పాలిష్ పట్టిస్తే రంగు మళ్ళీ వస్తుంది. ముందు కర్రతో ఒక్కో బండనూ తట్టండి. డొల్లగా మోగినవాటిని మాత్రమే లేపి, మాలు వేసి మళ్ళీ కూర్చోబెట్టించండి. పాలిష్ మళ్ళీ అద్దంలా మెరిసేదాకా పట్టించకండి, తడిలో జారుతుంది. ఆ తర్వాత యాసిడ్ ఊసే వద్దు. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా గిన్నెల సబ్బు చాలు.

టైల్సే కావాలంటే నేల అరంగుళం పైనే లేస్తుంది. తలుపు కింద కోయాలి, నీళ్ళు పోయే జాలి ఎత్తు పెంచాలి. నున్నటి బండ మీద సిమెంటు పట్టదు. పైభాగాన్ని గరుకు చేయించి, టైల్ అడ్హెసివ్‌తోనే అంటించాలి.

ప్రశ్న: టైల్స్ వేసి ఏడాది కాలేదు. ఎండాకాలంలో రెండు టైల్స్ చప్పుడు చేసి గుడారంలా లేచాయి. టైల్ నాణ్యత లోపమా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: చాలావరకు టైల్‌ది కాదు, వేసిన తీరుదే లోపం. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు దాదాపు పీల్చదు. సాధారణ సిమెంటు పాలు దాని వీపుకు గట్టిగా పట్టవు. పైగా నాలుగు మూలలా, మధ్యలో ఒకటిగా ముద్దలు పెట్టి నొక్కేస్తే మిగతా అంతా బోలు. టైల్‌కు టైల్‌ను, గోడకు టైల్‌ను ఆనించి వేస్తే వేడికి సాగినప్పుడు పోవడానికి చోటుండదు. పట్టు తక్కువున్న చోట అవి పైకి లేస్తాయి.

మళ్ళీ వేయించేటప్పుడు టైల్ వీపు మీద తెల్లటి పొడి ఉంటే తడిగుడ్డతో తుడిపించండి. విట్రిఫైడ్‌కు సరిపోయే అడ్హెసివ్‌ను పళ్ళ తాపీతో నేలంతా గీసి, టైల్ వీపుకు కూడా పల్చగా పూయించండి. 3 మిల్లీమీటర్ల మందానికి 20 కిలోల బస్తా దాదాపు 50 చదరపు అడుగులకు వస్తుంది. మధ్యలో ఒక టైల్‌ను లేపించి చూడండి. వీపంతా అంటి ఉండాలి. టైల్స్ మధ్య 2 మిల్లీమీటర్ల స్పేసర్లు, గోడ చుట్టూ 5 మిల్లీమీటర్ల సందు తప్పనిసరి. ఆ సందు స్కర్టింగ్ కింద కనబడదు. అందులో సిమెంటు నింపనివ్వకండి.

ప్రశ్న: వంటింట్లో తెల్ల మార్బుల్ వేయించాలని ఉంది.
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: వద్దు. పసుపు, నూనె ఇంకిపోతాయి, పులుపు తగిలిన చోట మచ్చ పడుతుంది. పూజగదిలో వేయించుకోండి.

ప్రశ్న: రోజూ వంటిల్లు కడుగుతాం. నీళ్ళు జాలి దాకా పోకుండా మూలన నిలుస్తున్నాయి. సందులూ నల్లబడ్డాయి.
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: నేల వాటం (వాలు) తప్పింది. కడిగే నేలకు 8 అడుగులకు ఒక అంగుళం వాటం ఉండాలి, అదీ టైల్స్ కింది మాలులోనే రావాలి. రెండడుగుల టైల్స్ జాలి వైపు రెండు దిక్కుల నుంచీ వంగవు. జాలి చుట్టూ మూడడుగుల మేర తీసేసి, ఒక్కడుగు టైల్స్‌తో మళ్ళీ వేయించండి. అవి ఆరిన మర్నాడు బకెట్ నీళ్ళు పోసి చూశాకే సందులు నింపించాలి. సందులకు సిమెంటు గ్రౌట్ బదులు ముదురు బూడిదరంగు ఎపాక్సీ గ్రౌట్ వాడితే జిడ్డు లోపలికి దిగదు. అది గట్టిపడక ముందే టైల్ మీది మరకను స్పాంజితో తుడిచేయాలి, ఆలస్యమైతే గీకినా రాదు.