ఉప్పునీటి ట్యాంకులో ఎర్ర పాకుడు: బుజ్జికి ఉత్తరం

విజయవాడ

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పగడాల ట్యాంకు ఫొటోలు చూశాను. ఇసుక మీద ముదురు ఎరుపు పొర, దాని నిండా సన్నని గాలి బుడగలు. మందు సీసా కొననా అని అడిగావు. ఇప్పుడే వద్దు నాన్నా. ఆ పాకుడు ఎక్కడ తిండి దొరికితే అక్కడ పెరుగుతుంది. తిండి ఆపకుండా దాన్ని చంపితే కొన్నాళ్లకు మళ్లీ అదే చోట లేస్తుంది.

ముందు అది ఏమిటో తేల్చుకో. అంచు పట్టి లేపితే పాల మీద మీగడలా రేకుగా ఊడి వస్తే ఎర్ర పాకుడే. గోధుమరంగు దుమ్ములా ఉండి, వేలితో రాస్తే పొగలా చెదిరితే డయాటములు, అంటే కంటికి కనపడనంత చిన్న నాచు. కొత్త ట్యాంకుల్లో అవి వస్తాయి, వాటంతట అవే పోతాయి. చీమిడిలా సాగే తీగలు, తీగ కొసన బుడగ ఉంటే డైనోలని (డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు) అనుమానించు. అప్పుడు కాస్త జిగురును ట్యాంకు నీళ్లతో సీసాలో గట్టిగా కుదిపి, టిష్యూ కాగితంలో వడకట్టి, ఆ నీళ్లను గంటసేపు వెలుగులో పెట్టు. మళ్లీ తీగలు కట్టి ముద్దయితే డైనోలే. ఈ తేడా ముఖ్యం. నీళ్లలో పోషకాలు, అంటే నైట్రేట్, ఫాస్ఫేట్, తగ్గించే కొద్దీ డైనోలు ఇంకా రెచ్చిపోతాయి. ఇంకో మాట, పోషకాలు తగ్గుతాయని వోడ్కాయో వెనిగరో పోస్తున్నట్టయితే పంపుల మీద, పైపుల్లో తెల్లటి జిగురు కడుతుంది. అది వేరే బ్యాక్టీరియా. మోతాదు సగం చేస్తే తగ్గుతుంది.

నీది ఎర్ర పాకుడే అనిపిస్తోంది. ఇది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. వెలుగుతో తిండి వండుకుంటుంది. దీనిలో కొన్ని రకాలు నీళ్లలో కరిగిన నైట్రోజన్ వాయువును కూడా వాడుకోగలవు. అందుకే నైట్రేట్ సున్నా అయి ఫాస్ఫేట్ మిగిలిన ట్యాంకులో మిగతా జీవాలు ఆకలితో ఉంటే ఇది ఒక్కటే బలుస్తుంది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచు. పరీక్షలో ఫాస్ఫేట్ సున్నా వచ్చిందని సంబరపడకు, ఉన్నదంతా ఆ పొరే తాగేసి ఉండొచ్చు.

ఇక అసలు సంగతి నీళ్లు. గుంటూరులో మీ ఇంటి బోరు నీళ్లు గానీ, మున్సిపాలిటీ కుళాయి నీళ్లు గానీ ట్యాంకులో చుక్క కూడా పోయకు. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్ను కూడా సరిపోదు. తాగడానికి బాగున్న నీళ్లు పగడాలకు బాగున్నట్టు కాదు. ఇంట్లో ఆర్ఓ ఉంటే దాని నీళ్లలో టీడీఎస్ మీటర్ (కరిగిన లవణాలను కొలిచేది) ముంచి చూడు, 50 పైనే చూపించొచ్చు. రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. నీకు కావలసింది ఆర్ఓ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా వచ్చిన నీళ్లు, మీటర్ మీద సున్నా. రెండు చూపించిన రోజే రెజిన్ మార్చు. సూర్యలంక దగ్గరే కదా అని సముద్రపు నీళ్లు క్యాన్లలో మోసుకురావద్దు. ఒడ్డు నీళ్లలో బురద, కాలువ నీళ్లు, పొలాల ఎరువు కలిసి ఉంటాయి. ఆ ఎరువే నువ్వు వద్దనుకుంటున్నది.

రోజూ ఆవిరయ్యే నీటిని కూడా ఈ సున్నా నీటితోనే నింపాలి, ఉప్పు కలపకుండా. ఉప్పు ఆవిరి కాదు, నీళ్లే పోతాయి. నీటిమట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీసుకో.

పాకుడు తీయడం సాయంత్రం పూట పెట్టుకో. పొద్దుటికి పొర పలచబడి ఇసుకలో కలిసిపోయినట్టుంటుంది. సాయంత్రానికి మందమై, బుడగలతో పైకి తేలి సులువుగా ఊడుతుంది. ముందు పంపులన్నీ ఆపు, లేకపోతే తునకలు ట్యాంకంతా పరుచుకుంటాయి. వేలిలావు గొట్టాన్ని పొర అంచుకు ఆనించి నెమ్మదిగా జరుపు, రేకు చుట్టుకుంటూ గొట్టంలోకి వెళ్తుంది. దానితోపాటు పైన అర సెంటీమీటరు ఇసుక పోయినా పర్వాలేదు. అడుగు ఇసుక మాత్రం కదపకు. నీళ్లు గొట్టంలోకి దిగడానికి నోటితో పీల్చకు. జొయాంథిడ్ అనే రకం పగడాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. గొట్టాన్ని నీటితో నింపి, వేలితో మూసి దించు.

నీది రెండు వందల లీటర్ల ట్యాంకు కాబట్టి ఒకసారికి ఇరవై నుంచి ముప్పై లీటర్లు తీసి, అంతే కొత్త నీళ్లు పోస్తే చాలు. ఇలా రోజు విడిచి రోజు, మొత్తం మూడుసార్లు చెయ్యి. కొత్త నీళ్లు ముందు రోజే కలిపి పెట్టుకో. ఇరవై లీటర్లకు సుమారు 720 నుంచి 760 గ్రాముల మెరైన్ సాల్ట్ (ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం) పడుతుంది. చిన్న పంపుతో రాత్రంతా తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 చూసుకుని, ట్యాంకు నీళ్లంత వేడికి వచ్చాకే పోయాలి.

తర్వాత నీటి కదలిక. ఒక చిటికెడు ఫ్లేక్ ఫుడ్ వేసి ఎక్కడ వచ్చి నిలుస్తుందో చూడు. పాకుడు పట్టిన చోటే అది ఆగితే పవర్‌హెడ్‌ను (ట్యాంకు లోపల నీళ్లను తోసే పంపు) అటు తిప్పు. ఇసుకకు నేరుగా కాదు, ఎదుటి అద్దానికి తగిలి వెనక్కి వచ్చేలా. పంపులన్నీ కలిపి గంటకు 4000 నుంచి 6000 లీటర్లు తిప్పాలి.

చేపలకు వేసే మైసిస్ (చిన్న రొయ్యల్లాంటివి) గడ్డకట్టిన ముక్కను అలాగే వేస్తున్నావా? టీ వడగట్టులో వేసి, ఆర్ఓ నీటిలో కరిగించి, ఆ రసం పారబోసి పెట్టు. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యి. ఫిల్టర్ సాక్ (చెత్త పట్టే గుడ్డ సంచి) మూడు రోజులకోసారి మార్చు. లైట్లు ఎనిమిది గంటలు చాలు. పడమటి కిటికీ ఎండ పడుతుంటే తెర కట్టు. ఫాస్ఫేట్ 0.2 దాటితే జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పట్టేసే ఇనుప రేణువులు) యాభై గ్రాములతో మొదలుపెట్టు. ఒక్కసారిగా ఎక్కువ వేస్తే పగడాలు తెల్లబడతాయి.

మన దగ్గర వైశాఖం వచ్చాక ఎండ కూడా దీనికి తోడవుతుంది. నీరు 28 డిగ్రీలు దాటకూడదు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, పాకుడుకు వేడి ఇష్టం. నీటి పైకి చిన్న ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు తగ్గొచ్చు, కానీ ఆవిరి పెరుగుతుంది. ఉక్కపోత రోజుల్లో ఫ్యాను అంతగా పనిచేయదు. అప్పుడు చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం, పెట్టడమే దారి. కరెంటు పోయినప్పుడు ఒక పంపయినా ఇన్వర్టర్ మీద తిరిగేలా చూసుకో.

ఇవన్నీ నెల రోజులు చేశాక కూడా మిగిలితే, పొర తీసేసి మూడు రోజులు నల్ల గుడ్డ కప్పి పూర్తి చీకటి పెట్టు. నీళ్లలో గాలి బుడగలు వదిలే గాలి రాయి ఆగకూడదు. నాలుగో రోజు 40 లీటర్లు మార్చు. అప్పటికీ పోకపోతే ఎరిత్రోమైసిన్ ఉన్న మందు, అది కూడా సీసా మీద రాసిన మోతాదుకే. మెడికల్ షాపు మాత్రలు నూరి వేయకు. చచ్చిన పాకుడు కుళ్లి ఆక్సిజన్ పడిపోతుంది, నురగతో మురికి తీసే స్కిమ్మర్ పొంగుతుంది. అందుకే రాత్రిపూట మందు వేసి నిద్రపోకు, చేపలు పైకొచ్చి గాలి మింగుతున్నాయేమో చూస్తుండాలి. మందు వేసే ముందు ఫిల్టర్‌లోని కార్బన్ (బొగ్గు) తీసేయి, 48 గంటల తర్వాత 40 లీటర్లు మార్చి కార్బన్ తిరిగి పెట్టు.

ఆదివారం నాటికి టీడీఎస్, నైట్రేట్, ఫాస్ఫేట్, మధ్యాహ్నం రెండు గంటల ఉష్ణోగ్రత, ఈ నాలుగు అంకెలు రాసి పంపు. ట్యాంకు ఎదుటి నుంచి ఒక ఫొటో పొద్దున, ఒకటి సాయంత్రం.

పెదనాన్న