ప్రమాదం లేకుండా సంపాదించుకోండి

బౌద్ధ అధ్యయనాల్లో పీజీ చేస్తున్నవాళ్ళు, చేయాలనుకుంటున్నవాళ్ళు పంపిన ప్రశ్నలకు, ముప్ఫై ఏళ్ళకు పైగా పాళీ (తొలి బౌద్ధ గ్రంథాల భాష) పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ జవాబులు.

ప్రశ్న: డిగ్రీలో ఫిలాసఫీ చదివాను. నాగార్జునుడి శూన్యవాదం నన్ను పట్టేసింది. తీరా ఎం.ఏ.లో చేరదామని సిలబస్ చూస్తే మొదటి సెమిస్టర్ నుంచే పాళీ వ్యాకరణం! ఇన్ని అనువాదాలు ఉండగా విభక్తులు బట్టీ పట్టడం అవసరమా మేడమ్? పైగా తెలుగువాళ్ళకి పాళీ సగం అర్థమవుతూనే ఉంటుంది కదా?

జవాబు: నాకు భయం వేసేది ఆ చివరి వాక్యం చూసేనమ్మా.

బుద్ధుడు చివరిసారిగా అన్న మాట మహాపరినిబ్బాన సుత్తంలో (సుత్తమంటే ఉపదేశ పాఠం) ఉంది: "వయధమ్మా సంఖారా, అప్పమాదేన సంపాదేథ." కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మొదటి వారంలో దీన్ని బోర్డు మీద రాసి, నిఘంటువు ముట్టుకోకుండా తెలుగులో చెప్పమనేదాన్ని. ఒక ఏడాది ఒక కుర్రాడు లేచి ధీమాగా చెప్పాడు: "సంస్కారాలన్నీ వ్యయమైపోతాయి, ప్రమాదం లేకుండా సంపాదించుకోండి." క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ అబ్బాయి ఒక్క మాటను కూడా తప్పు పోల్చలేదు. వయ అంటే వ్యయమే. సంఖారమంటే సంస్కారమే. అప్పమాదం అప్రమాదమే. సంపాదేథలో ఉన్న ధాతువు మన సంపాదనలో ఉన్నదే. మాటలన్నీ మనవే, అర్థం ఒక్కటే జారిపోయింది. అక్కడ వ్యయమంటే నశించడం. సంఖారమంటే కారణాలు కూడితే ఏర్పడినది. పమాదమంటే ఏమరుపాటు. సంపాదించడమంటే నెరవేర్చడం. "కూడి ఏర్పడినవన్నీ నశించేవే, ఏమరకుండా పని నెరవేర్చుకోండి" అని ఆయన చెబితే, మనవాడి చేతిలో అది పొదుపు సలహా అయి కూర్చుంది.

ఇలాంటివి ఎన్నో. "పమాదో మచ్చునో పదం" అని ధమ్మపదం 21వ గాథలో ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు "ప్రమాదం మృత్యువుకు దారి" అని రాస్తే మలుపు దగ్గర పాతే బోర్డుకు సరిపోతుంది. మనిషంటే ఈ ఐదు పోగులేనని బౌద్ధం చెప్పే పంచస్కంధాల పేర్లే చూడండి. వేదన అంటే మనకు బాధ. అక్కడ సుఖమూ వేదనే, రెండూ కానిదీ వేదనే. సంజ్ఞ అంటే మనకు సైగ, అక్కడ ఒకదాన్ని ఫలానా అని గుర్తుపట్టడం. విజ్ఞానమంటే మనకు సైన్సు, అక్కడ కంటికో చెవికో ఏదో తగిలినప్పుడు కలిగే ఎరుక. ఇక అర్హంతుణ్ణి, అంటే విముక్తి పొందినవాణ్ణి, "నిరుపధి" అంటారు. ఉపధి అంటే మనిషిని పుట్టుకకు కట్టిపడేసే తగులం, అది లేనివాడని. పకారానికి దీర్ఘం తగిలించి చదివిన ఒకమ్మాయి పరీక్షలో "నిరుద్యోగి" అని రాసింది. అర మార్కు వేశాను, ఒక రకంగా నిజమే కదా అని.

ఈ మాటలు బొత్తిగా కొత్తైనవాళ్ళకి ఈ చిక్కు లేదు. ఏమీ తెలియదు కాబట్టి ప్రతి మాటకీ నిఘంటువు తెరుస్తారు. మనం తెరవం. అందుకే తెలుగువాళ్ళకి వ్యాకరణం ఇంకాస్త ఎక్కువే కావాలంటాను.

అనువాదాల సంగతికొస్తే, "సతిపట్ఠానం" అన్న ఒక్క మాట తీసుకోండి. అట్ఠకథలు, అంటే పాళీ వ్యాఖ్యానాలు, దీన్ని సతి, పట్ఠానం అని విడగొట్టాయి. సంస్కృతంలో మాత్రం ఇది "స్మృత్యుపస్థానం", అంటే విడగొట్టేది సతి, ఉపట్ఠానం అని. మొదటి దారిలో పోతే "స్మృతికి పునాది" అవుతుంది, రెండో దారిలో "స్మృతిని దగ్గర నిలుపుకోవడం" అవుతుంది. అనువాదకుడు రెంటిలో ఒకటి ఎంచుకుంటాడు. ఎంచుకున్నానని ప్రతిచోటా మీకు చెప్పడు.

మీ నాగార్జునుడు కూడా మిమ్మల్ని ఇటే తోస్తాడు. తన ముఖ్య గ్రంథం మూలమధ్యమక కారికల్లో ఆయన పేరుపెట్టి చెప్పిన సూత్రం ఒకే ఒక్కటి, 15వ ప్రకరణంలో: కాత్యాయనుడికి చేసిన ఉపదేశం. "ఉంది" అనేది ఒక కొస, "లేదు" అనేది మరో కొస అని చెప్పే ఆ ఉపదేశం పాళీలో సంయుత్త నికాయమనే సుత్తాల సంపుటిలో కచ్చానగోత్త సుత్తంగా దొరుకుతుంది, రెండు పేజీలు కూడా ఉండదు. దాన్ని సొంతంగా చదువుకుని ఆ తర్వాత కారికల దగ్గరికి వెళ్ళండి. అప్పటికీ వ్యాకరణం దండగ అనిపిస్తే నాకు రాయండి, ఒప్పుకుంటాను.

ప్రశ్న: భిక్షువుల జీవితం మీద డిసర్టేషన్ రాద్దామనుకున్నాను. గైడ్ గారు వినయపిటకం (సంఘ నియమాల గ్రంథం) తీసుకోమన్నారు. తెరిస్తే అన్నీ నియమాలు, శిక్షలు. నిద్ర వస్తోంది. వేరే టాపిక్ చూసుకోమంటారా?

జవాబు: నియమం చదివి మూసేస్తున్నారు బాబూ. దాని ముందున్న కథ చదవండి.

పాచిత్తియాల్లో, అంటే ఒప్పుకుంటే తీరిపోయే చిన్న తప్పుల్లో, 86వది సూదుల డబ్బా గురించి. ఎముకతో, దంతంతో, కొమ్ముతో చేయించుకోకూడదు, చేయించుకుంటే పగలగొట్టాలి. అంతే నియమం. కథేమిటంటే, శాక్యుల దేశంలో దంతపు పని చేసే ఒకాయన "సూదుల డబ్బా కావలసిన భిక్షువులకు నేనిస్తాను" అన్నాడు. ఇంకేముంది, చిన్నది ఉన్నవాళ్ళు పెద్దది అడిగారు, పెద్దది ఉన్నవాళ్ళు చిన్నది అడిగారు. పాపం ఆయన సొంత పని మూలపడింది, పెళ్ళాం పిల్లలు ఇబ్బంది పడ్డారు, ఊళ్ళో జనం గొణిగారు. నియమం వచ్చింది. సంఘానికీ, దాన్ని పోషించే గృహస్థులకీ మధ్య ఉన్న సున్నితమైన లెక్కంతా ఈ డబ్బాలో ఉంది.

57వది ఇంకా బాగుంటుంది. రాజగృహంలో తపోదా అనే వేడినీటి బుగ్గ దగ్గరికి బింబిసార మహారాజు తలస్నానానికి వచ్చాడు. అక్కడ భిక్షువులు స్నానం చేస్తున్నారు. అయ్యవార్లు కానివ్వనీ అని రాజు పక్కన ఆగాడు. వాళ్ళు చీకటి పడేదాకా కానిచ్చారు. రాజు స్నానం ముగించేసరికి కోట తలుపులు పడ్డాయి, రాత్రంతా తన నగరం బయటే పడుకున్నాడు! దాంతో పదిహేను రోజుల్లోపు మళ్ళీ స్నానం చేయకూడదని నియమం వచ్చింది. తర్వాత వరసగా సడలింపులు: ఎండాకాలంలో చేయొచ్చు, జబ్బు చేస్తే చేయొచ్చు, పని చేసినప్పుడు, ప్రయాణంలో, గాలివానలో చేయొచ్చు. ఒక్కో సడలింపు వెనక ఒక్కో ఇబ్బంది కనిపిస్తుంది చూడండి. దీన్ని చూసి నిద్ర ఎలా వస్తుంది మీకు?

టాపిక్ కూడా ఇందులోనే ఉంది. పాళీ పాతిమోక్ఖంలో, అంటే నియమాల పట్టికలో, భిక్షువుకు 227 నియమాలు, చైనీస్ అనువాదంలో మిగిలిన ధర్మగుప్తక శాఖ వినయంలో 250. సంఘం నుంచి వెలివేసే పారాజికాలు రెండింటిలోనూ 4, వాటి తర్వాతి స్థాయి సంఘాదిశేషాలు 13. పెద్ద తప్పుల దగ్గర తేడా లేదు. తేడా దాదాపు అంతా సేఖియాల్లోనే, అంటే నడక, కూర్చోవడం, తినడం లాంటి మర్యాదల్లో. అక్కడ పాళీలో 75, ధర్మగుప్తకంలో 100. ఆ ఎక్కువ వాటిలో 20కి పైగా స్తూపం దగ్గర ఎలా మసలుకోవాలో చెప్పేవి. పాళీ సేఖియాల్లో స్తూపం ఊసే లేదు. ఎందుకు లేదు? దీని చుట్టూ తిరిగితే ఏడాదికి సరిపడా పని. "భిక్షువుల జీవితం" అన్నంత పెద్ద పేరు పెట్టుకుంటే మాత్రం ఏడాదిలో ఏమీ తేలదు.

ఒక్క జాగ్రత్త, నా తలకు తగిలిన దెబ్బ కాబట్టి చెబుతున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో "భిక్షువులు బంగారం, వెండి ముట్టుకునేవారు కాదు" అని రాసి, కింద నియమం సంఖ్య ఇచ్చి గర్వపడ్డాను. వైవాలో పరీక్షకుడు ఆ పేజీ తిప్పి, "ఎవరూ ముట్టుకోకపోతే నియమం ఎందుకు పెట్టారండీ?" అన్నాడు. నోరు పెగల్లేదు. పరినిర్వాణమైన నూరేళ్ళకు వైశాలిలో రెండో సంగీతి (భిక్షువుల మహాసభ) జరగడానికి కారణమైన పది అంశాల్లో బంగారం, వెండి స్వీకరించడం ఒకటి. అది నేనే మూడో అధ్యాయంలో రాశాను! నియమం చెప్పేది ఎలా బతకాలనుకున్నారో. ఎలా బతికారో తెలియాలంటే రాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. సాంచీ, భార్హుత్ శాసనాల్లో దానమిచ్చినవాళ్ళ పేర్లలో భిక్షువులు, భిక్షుణులు బోలెడంత మంది. ఇవ్వడానికి వాళ్ళ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అమెరికన్ పండితుడు గ్రెగరీ షోపెన్ ఈ పాయింటే పట్టుకుని, గ్రంథాలకు పెద్దపీట వేసి శాసనాలను పక్కన పెట్టిన పాత పండితులను చెడామడా దులిపాడు. ఆయన కొన్నిచోట్ల మరీ అటు మొగ్గాడని నా అభిప్రాయం, అయినా చదవకుండా వైవాకి వెళ్ళకండి.

ప్రశ్న: మా కోర్సులో జైనం ఒక తప్పనిసరి పేపర్. బౌద్ధం చదవడానికి వస్తే ఇదెందుకు?

జవాబు: వినయపిటకంలోని మహావగ్గంలో వర్షావాసం (వానాకాలమంతా ఒకచోటే ఉండటం) ఎలా మొదలైందో చూడండి. వానాకాలంలో భిక్షువులు పచ్చగడ్డి తొక్కుతూ తిరుగుతుంటే జనం తిట్టుకున్నారు: "ఇతర మతాల సన్యాసులు సైతం వానల్లో ఒకచోట ఉంటారు, చెట్ల మీద పక్షులు సైతం గూళ్ళు కట్టుకుంటాయి, వీళ్ళేమో ఏకేంద్రియ జీవాలను హింసిస్తూ తిరుగుతున్నారు" అని. ఏకేంద్రియ జీవం అన్న మాట ఎవరి బడిలోదో మీ జైనం పేపరే చెబుతుంది. భిక్షువులు నియమిత రోజుల్లో కూడే ఉపోసథం కూడా అంతే. ఇతర పరివ్రాజకులు చతుర్దశి, పూర్ణిమ, అష్టమి నాడు కూడి ధర్మం చెబుతున్నారు, మనవాళ్ళు కూడా కూడితే బాగుంటుందని బింబిసారుడే వచ్చి అడిగాడు. వీళ్ళు కూడారు, కానీ నోరు విప్పకుండా కూర్చున్నారు. ధర్మం విందామని వచ్చిన జనం "మూగ పందుల్లా కూర్చున్నారేమిటి" అన్నారట. ఆ మాటను దాచకుండా పిటకంలో ఉంచుకున్నందుకు నాకు వాళ్ళంటే ఎంత గౌరవమో! పొరుగువాళ్ళను తీసేస్తే ఈ కథల్లో సగం ఎవరికి జవాబుగా చెప్పారో తెలియదు.

ప్రశ్న: నేను భిక్షువును. ఇప్పుడు ఎం.ఏ. చదువుతున్నాను. సుత్తాలు కొన్ని తరాల పాటు పెరిగాయని, మార్పులు జరిగాయని క్లాసులో చెబుతుంటే మనసుకు కష్టంగా ఉంటోంది. ఉదయం వల్లించినదాన్నే మధ్యాహ్నం కోసి చూస్తున్నట్టుంది.

జవాబు: భంతే, వందనం. మీకు నేను ధైర్యం చెప్పడమేమిటి, నేను చూసినది మాత్రం విన్నవించుకుంటాను.

సుత్తాల్లో చాలావరకు "ఏవం మే సుతం" (నేనిలా విన్నాను) అనే మొదలవుతాయి. విన్నామని అవే చెబుతున్నాయి. సింహళంలో వట్టగామణి అభయ రాజు కాలంలో, క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో రాతకెక్కేదాకా వాటిని మోసింది భాణకుల, అంటే సుత్తాలు వల్లించే భిక్షువుల, గొంతులే. దీఘ భాణకులు వేరు, మజ్ఝిమ భాణకులు వేరు. మీరు ఉదయం చేసే పని వాళ్ళ పనే. అచ్చు పుస్తకాల్లో మావాళ్ళు "...పె..." అని కుదించి దాటేసే పునరుక్తులు మీ నోట్లో పూర్తిగా ఉంటాయి, అవి ఎందుకున్నాయో క్లాసులో అందరికన్నా ముందు మీకే అర్థమవుతుంది.

ఇక మార్పుల మాట. మజ్ఝిమ నికాయంలో 152 సుత్తాలున్నాయి. దానికి సాటిగా చైనీస్‌లో ఉన్న మధ్యమాగమంలో 222. 4వ శతాబ్దం చివర అనువాదమైంది, అదీ వేరే బౌద్ధ శాఖ వాళ్ళ దగ్గర్నుంచి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన మొదటి నెల నాకూ తేడాలే కనిపించాయి: స్థలం వేరు, వరస వేరు, ఒక ఉపమానం ఇక్కడుంటే అక్కడ లేదు. ఆ తర్వాత ఇంకోటి మొదలైంది. ఇంత దూరం, ఇన్ని భాషలు, ఇన్ని వందల ఏళ్ళు దాటి కూడా బోధ చెప్పే చోటికి వచ్చేసరికి రెండూ ఒకే మాట మీద ఉండటం. ఆ పోలిక పేపర్ మీకుంటే వదలకండి భంతే.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. ఈ వయసులో ఎం.ఏ. అంటే ఇంట్లో నవ్వుతున్నారు.

జవాబు: చైనా భిక్షువు ఫాహియాన్ 399లో చాంగాన్ నుంచి కాలినడకన బయల్దేరాడు, చైనాలో వినయ గ్రంథాలు అరకొరగా ఉన్నాయన్న బాధతో. అప్పటికే అరవై దాటాయంటారు. ఉత్తర భారతంలో ఎక్కడ అడిగినా వినయం నోటి పాఠమే తప్ప రాతప్రతి దొరకలేదు. చివరికి పాటలీపుత్రంలో దొరికింది. అక్కడ మూడేళ్ళు కూర్చుని సంస్కృతం నేర్చుకుని, వినయాన్ని చేత్తో రాసుకున్నాడు. మీరు ఎడారి దాటనక్కర్లేదు. ఫారం నింపండి, ఇంట్లోవాళ్ళని ఇంకాస్త నవ్వుకోనివ్వండి.

ప్రశ్న: పాళీని నోట్సులో ఏ లిపిలో రాసుకోవాలి? సీనియర్లు రోమన్ అంటున్నారు, కొందరు దేవనాగరి అంటున్నారు.

జవాబు: పాళీకి సొంత లిపంటూ లేదు. సింహళంలో సింహళ లిపి, బర్మాలో బర్మా లిపి, థాయ్‌లాండ్‌లో థాయ్ లిపి. పరిశోధన పత్రాలకు రోమన్ తప్పదు, పది రోజుల్లో వస్తుంది. సొంత నోట్సు మాత్రం తెలుగులో రాసుకోండి. కారణం చెబుతాను. పాళీలో ఎ, ఒ అనేవి జంట హల్లుకు ముందు పొట్టిగా పలుకుతాయి: ఎత్థ, సెట్ఠి, ఒట్ఠ. మామూలు దేవనాగరిలో ఈ పొట్టి అచ్చులకు విడి అక్షరాలు లేవు, అంతా ఏత్థ, సేట్ఠి. మనకున్నాయి. ళ ఉంది, నిగ్గహీతానికి (పాళీ అనుస్వారానికి) సున్నా ఉంది. ఒకటే చిక్కు. రాయడంలో "భిక్ఖు" అని చక్కగా రాసి, చదవడంలో "బిక్కు" అంటారు మనవాళ్ళు. ఒత్తులు పలకండి, గాథ తూగు అక్కడే దొరుకుతుంది.