భాషా సందేహాలు: ఆసు పోసే అమ్మ గురించి జపనీస్‌లో చెప్పు

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. మాది చౌటుప్పల్ దగ్గర పల్లె, ఇంట్లో మగ్గం ఉంది. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మొదటి మెట్టు ఎన్5 పాసయ్యాను, తర్వాతి మెట్టు ఎన్4కు చదువుతున్నాను. చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే నోరు పెగలదు. మా సార్ ప్రసంగ పోటీకి నా పేరిచ్చారు. నెట్‌లో చెర్రీ పూల మీద మంచి ప్రసంగం దొరికితే బట్టీ పడుతున్నాను. చివర్లో జడ్జీలు ప్రశ్నలు అడుగుతారట, తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి. పోటీ మానేసి, జపాన్ సంస్కృతితో కలిపి మాటలు నేర్పే కోర్సులో చేరనా?
- ఒక చేనేత బిడ్డ

జవాబు: బిడ్డా, పోటీ మానకు. ఆ చెర్రీ పూల ప్రసంగం మాత్రం ఈ రోజే పక్కన పెట్టు. నువ్వు చూడని పూల గురించి ఇంకెవరో రాసింది అప్పజెబితే, జడ్జి అడిగే మొదటి ప్రశ్నకే తడబడతావు.

నోరు పెగలకపోవడం నీ తప్పు కాదు. 1984లో మొదలైన ఈ జేఎల్‌పీటీలో పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం ఉన్నాయి. మాట్లాడే పరీక్ష లేనే లేదు. లేనిదాన్ని ఎవరు సాధన చేస్తారు? ప్రసంగ పోటీ ఆ లోటు కొంత తీరుస్తుంది. మైకు ముందు మాట్లాడే ఆ కొద్ది నిమిషాలు ఒంటరి మాటే, అసలు సంభాషణ జడ్జి ప్రశ్నతో మొదలవుతుంది. అందుకే నేను పిల్లలను తయారు చేసేటప్పుడు ప్రసంగం కంటే ప్రశ్నలకే ఎక్కువ సమయం ఇస్తాను.

ఇంట్లో మగ్గం ఉన్న పిల్లవు, విషయానికి వెతుకులాట ఎందుకు? ఆసు పోసీ పోసీ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పీ తిప్పీ, ఆడవాళ్ల భుజాలు ఎలా పడిపోతాయో నీకు ఒకరు చెప్పాలా! తల్లి పడే ఆ కష్టం చూడలేకే కదా ఆలేరు వైపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక మన పోచంపల్లి చీరకైతే దారాల కట్ట మీద గీతలు పెట్టుకుని, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి, రంగులో ముంచి, ఆరాక విప్పుతారు. కట్టు కింద దారం తెల్లగా మిగిలి ఉంటుంది. ఆ పనే జపాన్‌లోనూ ఉంది, కసురి అంటారు. క్యూషూ దీవిలోని కురుమె కసురిని మొదలుపెట్టింది ఇనొఉఎ దెన్ (1788-1869). చిన్న పిల్లగా ఉన్నప్పుడే, వెలిసిన బట్ట మీద తెల్ల మచ్చలు చూసి, దారాలు విప్పి ఆ కిటుకు పట్టిందని చెబుతారు. 1957లో జపాన్ ప్రభుత్వం ఆ నేతను కాపాడుకోవలసిన సంపదగా గుర్తించింది. ఈ సంగతి మన పోచంపల్లి వైపు పిల్ల నోట వింటే జపాన్ వాళ్లు కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటారు.

పెద్ద వాక్యాలు వద్దు. "హహ వ ఇతొ ఒ శిబరిమస్. సొరె కర సొమెమస్." అమ్మ దారం కడుతుంది, తర్వాత రంగు వేస్తుంది. మాటల వరస మన తెలుగులాగే ఉంది చూడు. పలకడంలోనూ నువ్వు ఇంగ్లిష్ వాళ్ల కంటే ముందున్నావు. 'ఒబసన్' అంటే అత్తో పిన్నో, 'ఒబాసన్' అంటే అవ్వ. దీర్ఘాలు, ఒత్తులు పుట్టుకతో వచ్చిన మనకు అదేం కష్టం? 'త్సు' పలకలేక చాలామంది అవస్థ పడతారు. మన ఊళ్లో 'చుట్టం' అన్నప్పుడు వచ్చే చ అదే, ధైర్యంగా పలుకు.

ఇక ప్రశ్నలు. ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది, రంగులు ఎక్కడివి, ఇట్లాంటివి అడుగుతారు. ఆ మాటలు నీ దగ్గర ముందే ఉంటాయి. "నువ్వూ నేస్తావా?" అని కూడా అడగొచ్చు. దానికి జవాబు నేను రాసివ్వలేను, నువ్వూ అమ్మా కూర్చుని మాట్లాడుకోండి. ప్రశ్న అర్థం కాకపోతే "సుమిమసెన్, మో ఇచిదొ ఒనెగయ్ శిమస్" అని మళ్లీ అడిగించుకో, మార్కులు పోతాయని భయపడకు.

కోర్సులోనూ చేరు. జపాన్ ఫౌండేషన్ వారి 'మరుగొతొ' పుస్తకాలు అందుకు బాగుంటాయి. మాట్లాడించేది 'కత్సుదో', వ్యాకరణం చెప్పేది 'రికయ్'. నీకు మొదటిది కావాలి. అలాంటి క్లాసులో దొరికే గొప్ప సంగతి అయిజుచి, అంటే ఎదుటివాళ్లు చెబుతుంటే మధ్యమధ్య "హయ్", "సో దెస్ నె" అంటూ ఉండడం. అవ్వ కథ చెబుతుంటే మనం ఊ కొట్టినట్టే. స్కూల్లో నోరు మూసుకుని వినమని నేర్పారు కదా, ఆ అలవాటుతో ఉలుకూ పలుకూ లేకుండా వింటే, ఫోన్‌లో జపాన్ వాళ్లు లైను తెగిందేమో అనుకుంటారు. రోజూ ఒక స్నేహితురాలితో పదే పది నిమిషాలు, ఒకరు చెప్పడం, ఒకరు ఊ కొట్టడం. నీ చెమటలకు అదే మందు.

ప్రశ్న: మేడం, మాది జడ్చర్ల. నర్సింగ్ చదివాను, వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్లాలని ఉంది. పరీక్ష పాసైతే చాలదా, మాకు సంస్కృతి పాఠాలెందుకు?

జవాబు: ప్రత్యేక నైపుణ్యాల వీసా కోసం భారత్, జపాన్ 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. దానికి రాసే జేఎఫ్‌టీ బేసిక్ అనే జపనీస్ భాషా పరీక్షలో 250కి 200 రావాలి. సంరక్షణ పని మీద, ఆ పనిలో వాడే భాష మీద వేరే పరీక్షలున్నాయి. పాసవ్వాల్సిందే, కాదనను. కానీ అక్కడ పెద్దాయనను పక్క మార్చేటప్పుడు కూడా, చెయ్యి వేసే ముందు ఏం చేయబోతున్నావో నోటితో చెప్పాలి. కొఎకకె అంటారు. మాట లేకుండా ఒంటి మీద చెయ్యి పడితే ముసలి ప్రాణం ఉలిక్కిపడుతుంది. ఇది కాగితం మీద టిక్కు పెడితే వచ్చేది కాదమ్మా, గొంతుతో అలవాటు కావాలి. జపాన్ ఫౌండేషన్ 'ఇరొదొరి' పాఠాలు ఆడియోతో సహా నెట్‌లో ఉచితం, జపాన్‌లో బతకడానికి, పని చేయడానికి కావలసిన మాటలే ఉంటాయి. ఏజెంట్లకు డబ్బు కట్టకముందు మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో వివరాలు అడుగు.