"ఫోన్ లాగేసుకుంటా" అన్న మాటే మా వాడి నోరు కట్టేసింది

ఎనిమిదో తరగతి బాబుకి ఫోన్ ఇవ్వక తప్పట్లేదు, ఆన్‌లైన్‌లో ఎవరి బారినా పడకుండా ఏ యాప్ వేసి కాపలా కాయాలి అని అడిగారు. యాప్ సంగతి చివర్లో చెబుతాను. ముందు మా ఇంట్లో జరిగింది వినండి.

నేను బ్యాంకులో పనిచేస్తాను. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని రోజుకి పదిమందికి చెప్పే ఉద్యోగం. 2023 వేసవి సెలవుల్లో నా ఖాతాలోంచే మూడు రోజుల్లో మూడుసార్లు డబ్బు పోయింది. 300, 500, 400. మా వాడికి అప్పుడు పద్నాలుగేళ్లు. నా యూపీఐ పిన్ వాడికి తెలుసు, పాల ప్యాకెట్లు తెస్తాడని నేనే చెప్పాను. ఫ్రీ ఫైర్ అనే ఫోన్ ఆటలో డైమండ్లు కొన్నాడనుకుని కేకలేశాను. వాడు అవుననలేదు, కాదనలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు.

అసలు విషయం మర్నాడు మా అక్క కూతురు ఫోన్ చేస్తే తెలిసింది. ఆటలో కలిసిన 'అమ్మాయి' ఇన్‌స్టాగ్రామ్‌లోకి రమ్మందట. వారం రోజులు తియ్యగా మాట్లాడి బట్టల్లేని ఫోటో అడిగింది. వీడు పంపాడు. అంతే, మాట మారిపోయింది. వీడి ఫాలోవర్ల లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టి, ఐదు వేలు పంపకపోతే అందరికీ ఫోటో వెళ్తుందని బెదిరింపు. వీడు అక్కకి పెట్టిన మెసేజ్ ఇది: "అక్కా, అమ్మకి చెప్పకు, ఫోన్ లాగేసుకుంటుంది."

నిజమే, ఆ మాట నేను వారానికి నాలుగుసార్లైనా అనేదాన్ని. అవతలివాడు కూడా "మీ అమ్మకి పంపిస్తా" అనే బెదిరించాడు. నా కోపం ఆ మోసగాడికి అలా పనికొచ్చింది.

మా ఆయన ఆవేశంలో చాట్ అంతా డిలీట్ చేయబోతే మా అక్క కూతురే ఆపింది. యూజర్‌నేమ్, బెదిరింపులు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, లావాదేవీ నంబర్లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీశాకే ఆ అకౌంట్‌ని రిపోర్ట్ చేసి బ్లాక్ చేశాం. జవాబివ్వలేదు, ఇంకో రూపాయి పంపలేదు. ఇస్తే వదిలేస్తారనుకోకండి, మూడుసార్లు పంపినా నాలుగోసారి అడిగారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి డబ్బు సంగతి చెప్పాం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. మేం పేరుతోనే ఇచ్చాం. స్టేషన్‌లో ఒకాయన "పన్నెండొందలే కదమ్మా, పైగా మగపిల్లాడు" అన్నాడు. పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం మగపిల్లలకీ వర్తిస్తుంది కదా అని మా ఆయన గట్టిగా అడిగాక కాగితం తీసుకున్నారు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

నాకు డబ్బు కంటే ఫోటో గురించే టెన్షన్. దానికి 'టేక్ ఇట్ డౌన్' అని ఒక ఉచిత సేవ ఉంది, అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే సంస్థ నడుపుతుంది. ఫోటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని వేలిముద్ర లాంటి కోడ్ ఒకటి వెళ్తుంది. ఇందులో చేరిన ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి ఆ కోడ్‌తో ఫోటోని పోల్చి చూసి తీసేస్తాయి. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవాటికి ఇది పనిచేయదు. మా వాడి ఫోటో ఎక్కడా బయటికి రాలేదు. దీనివల్లో, అవతలివాడు ఇంకో పిల్లాడి మీద పడ్డాడో తెలీదు. ఇంకో మాట, సలహా కోసమైనా సరే అలాంటి ఫోటోని బంధువులకు ఫార్వర్డ్ చేయకండి. పిల్లల అశ్లీల ఫోటోలు పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం.

ఇక యాప్. మేం గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టాం. ఏ యాప్ ఎంతసేపు చూశాడో తెలుస్తుంది, చాట్‌లో ఎవరేం రాశారో తెలీదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇప్పుడు పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి టీన్ అకౌంట్ వస్తోంది. అది మొదటినుంచే ప్రైవేటుగా ఉంటుంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టడం కుదరదు. కాకపోతే పుట్టిన సంవత్సరం నిజం రాస్తేనే. మా వాడు 2001 అని రాసుకున్నాడు! ముందు మీ బాబు ఏం రాశాడో చూడండి.

యూపీఐ పిన్ మార్చాను. రాత్రి పదయ్యేసరికి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి వెళ్తాయి, నాది కూడా. ఆన్‌లైన్‌లో ఏం జరిగినా చెప్పు, దానికోసం ఫోన్ మాత్రం లాక్కోను అని వాడికి మాటిచ్చాను. నిలబెట్టుకోవడం తేలికేం కాదు, టెన్త్ పరీక్షలప్పుడు రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది.

ఇది పెట్టేముందు వాడికి చూపించాను. ఊరి పేరు తీసేయమన్నాడు, తీసేశాను.