ఎల్క్ వేటకి బ్యాగు కొంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "నీ వల్లేరా ఇది ఇలా తయారైంది" అంది. నీకు కొలరాడోలో మీకర్ ఊరి దగ్గర అక్టోబరు రైఫిల్ సీజన్‌కి ఆడ ఎల్క్ ట్యాగ్, అంటే ఆ పెద్ద జింకని వేటాడే పర్మిట్, వచ్చిందన్న సంగతి నాకు అలా తెలిసింది. మామయ్యకి ఒక్క మాట చెప్పకుండా హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేశావు, అప్లై చేశావు, లాటరీ డ్రాలో ట్యాగ్ తెచ్చుకున్నావు. అక్క దగ్గర కాస్త బాధపడుతున్నట్టు గొంతు పెట్టాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తని నిద్రలేపి మరీ చెప్పుకున్నాను. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దేశంలో వేట దాదాపు ఆగిపోయింది కదా, మన వైపు వాళ్లకి ఇందులో ఓనమాలు కూడా తెలియవు. నేనూ కొలరాడో వచ్చాకే నేర్చుకున్నాను. ఇంట్లో రెండో మనిషివి నువ్వు.

అయితే మీ అమ్మ ఇంకో పని కూడా చేసింది. నువ్వు కొనబోతున్న బ్యాగు ఫోటో నాకు ఫార్వర్డ్ చేసింది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

చూడ్డానికి బాగానే ఉంది. ఆకుల డిజైను, పదమూడు జేబులు, నీళ్ల గొట్టం, తొంభై డాలర్లు. లంచ్ బాక్సు, రెయిన్ జాకెట్ మోయడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎల్క్‌ని మోయడానికి పనికిరాదు. పొద్దున ఏం పట్టుకెళ్తావో లెక్కేసుకుని బ్యాగు చూస్తున్నావు నువ్వు. సాయంత్రం ఏం పట్టుకొస్తావో లెక్కేసుకుని చూడాలి.

లెక్క చెప్తాను విను. ఎదిగిన ఆడ ఎల్క్ ప్రాణంతో ఉన్నప్పుడు 500 పౌండ్ల దాకా ఉంటుంది. ఎముక తీసేసినా మాంసమే సుమారు 150 పౌండ్లు. వెనక తొడ ఒక్కటే ఎముకతో కలిపి 50 పౌండ్లు తూగుతుంది. నాలుగు కాళ్లు, వీపు కండ, లోపలి మెత్తటి కండ అన్నీ బయటికి తేవాల్సిందే, వదిలేస్తే కొలరాడోలో నేరం. దగ్గర్లో రోడ్డు ఉండదు. ఫ్లాట్ టాప్స్ అడవిలో ఎండి పడిపోయిన స్ప్రూస్ మానులు అడుగడుగునా అడ్డం పడి ఉంటాయి, ఒకదాన్ని దాటితే ఇంకొకటి. తొమ్మిది వేల అడుగుల ఎత్తు. అక్టోబరు మధ్యలో సాయంత్రం ఆరున్నరకే పొద్దు గుంకుతుంది.

బూట్లు ఇప్పటినుంచే తొడుక్కుని నడువు. హెడ్‌ల్యాంప్ రెండు పెట్టుకో. ట్రెక్కింగ్ కర్రలు తప్పనిసరి. మాంసానికి గాలాడే గుడ్డ సంచులు కొనుక్కో, చెత్త వేసే ప్లాస్టిక్ కవర్లు వద్దు. కత్తి సంగతి కలిసినప్పుడు చెప్తాను.

ఇక కడపాయన కథ. మీ అమ్మకి చెప్పకు.

అప్పట్లో నాతో వేటకి వచ్చేవాడు. ఆరడుగుల మనిషి, మంచి బలం. జిమ్‌లో ఎంత ఎత్తుతాడో కారులో ఉన్నంతసేపూ చెప్పేవాడు. ఆ ఏడాది సేల్‌లో పెద్ద బ్యాగు కొన్నాడు. 65 లీటర్లు, లోపల ఫ్రేమ్ అంటూ ఏమీ లేదు, వీపు వైపు పల్చటి స్పాంజి షీటు మాత్రం ఉంది. "ఇందులో ఎల్క్ మొత్తం పడుతుంది బావా" అన్నాడు. నిజమే, పట్టేది.

మధ్యాహ్నం మూడింటికి ఒక లోయ అంచున ఆడ ఎల్క్‌ని కొట్టాం. కోసేసరికి చీకటి పడింది. ట్రక్కు రెండు మైళ్ల దూరం. ఒక్కో తొడ తీసుకెళ్దాం, మిగతావి చెట్టుకి కట్టి రేపు తెచ్చుకుందాం అన్నాను. కడపాయనకి రేపు రావడం ఇష్టం లేదు. వెనక తొడ ఒకటి, ముందు కాలు ఒకటి, వీపు కండలు రెండూ బ్యాగులోకి తోసేశాడు. రెండో వెనక తొడని తోలు కూడా తీయకుండా నేలమీద, మంచి చలిగా ఉందిలే అని, ఒక మొద్దు పక్కన పెట్టించాడు.

ఫ్రేమ్ లేని బ్యాగులో మాంసం ఏం చేస్తుందో చూశాను ఆ రాత్రి. ముద్దలాగా అడుక్కి జారిపోతుంది. బ్యాగు కింది భాగం పిర్రల మీద ఉబ్బి వేలాడుతుంది, పై భాగం ఖాళీగా ముడతలు పడి ఉంటుంది. నడుం బెల్టు నిమిషానికోసారి జారుతుంది. బరువంతా భుజాల మీదకొస్తుంది, వెనక్కి లాగుతుంది. దాన్ని ఆపడానికి మనిషి ముందుకి వంగుతాడు. వంగి దిగుడులో నడిస్తే కాలి ముందు ఏముందో తప్ప ఇంకేమీ కనపడదు. నా ల్యాంపు వెలుగులో అతని కుడి భుజం పట్టీ దగ్గర కుట్టు ఊడుతూ, దారాలు ఒక్కొక్కటే లేచి నిలబడటం నాకు కనిపిస్తోంది. ఆగు అని అరిచేలోపే టప్పుమని తెగింది. అప్పటికి ఒక కాలు మాను అవతల ఉంది, ఒక కాలు ఇవతల ఉంది. బరువంతా ఎడమ భుజానికి ఊగింది, మనిషి దానితోపాటే తిరిగాడు, ఇవతలి మోకాలు మాత్రం తిరగలేదు.

ఆ రెండు మైళ్లు ఎలా వచ్చామో రాయను. మాంసం అక్కడే కొమ్మకి కట్టేసి, అతన్ని భుజం మీద వేసుకుని వచ్చాను. మర్నాడు నేనొక్కణ్ణే వెళ్లి చూస్తే చెట్టుకి కట్టినదంతా చల్లగా, శుభ్రంగా ఉంది. తోలుతో నేలమీద ఉంచిన తొడ పైకి గడ్డకట్టినట్టే ఉంది కానీ, తుంటి కీలు దగ్గర కత్తి పెట్టగానే పుల్లటి కంపు గుప్పుమంది. ఎల్క్ తోలు కంబళి లాంటిది, లోపలి వేడిని పోనివ్వదు, మాంసం ఎముక దగ్గర నుంచి పాడవుతూ వస్తుంది. కడపాయన ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. మెట్లు పక్కకి తిరిగి దిగుతాడు.

అందుకే నాకు ఎలుగుబంటి భయం లేదు, మంచు భయం లేదు. వీపు మీద బరువుతో దిగుడులో నడవడం అంటేనే భయం. నీ గురించి తలుచుకున్నప్పుడల్లా కళ్లముందు అదే కదులుతుంది.

కాబట్టి బ్యాగులో మూడే చూడు. ఒకటి, గట్టి ఫ్రేమ్. అల్యూమినియం కడ్డీలు లోపలైనా సరే, బయట ఫ్రేమ్‌గా అయినా సరే, భుజాల కంటే కాస్త పైదాకా రావాలి. రెండోది మాంసం షెల్ఫ్. అంటే సంచి ఫ్రేమ్ నుంచి విడివడి వెనక్కి జరుగుతుంది, మధ్యలో మాంసం మూట పెట్టి పట్టీలు బిగిస్తే బరువు వీపుకి అతుక్కుని ఉంటుంది, నీ బట్టలు, సామాను దాని వెనక ఉంటాయి. బట్టలకి రక్తం కూడా అంటదు. గుంటూరు యార్డులో ముఠా కూలీలు మిర్చి టిక్కీ ఎత్తుకోవడం చిన్నప్పుడు చూశావు కదా, వీపుకి ఆనించి, భుజాల మధ్యకి పైకి తెచ్చుకుంటారే కానీ ఎవరైనా కింద పిర్రల మీద వేలాడదీసుకుంటారా? మూడోది నడుం బెల్టు. మందంగా ఉండి తుంటి ఎముకల మీద కూర్చోవాలి, బరువులో ఎక్కువ భాగం అదే మోయాలి. జేబులు ఎన్నున్నా నాకు లెక్కలేదు.

సంచి 35 నుంచి 45 లీటర్లు చాలు. అమ్మేవాళ్లు క్యూబిక్ ఇంచిల్లో చెప్తారు, 2,500 అంటే 41 లీటర్లు. అంతకంటే పెద్దది కొంటే అక్కర్లేని సామానుతో నింపుతావు, నీ సంగతి నాకు తెలుసు. కాలేజీకి ఇస్త్రీ పెట్టె మోసుకెళ్లిన పిల్లవి.

అన్నిటికంటే ముందు నీ వీపు కొలుచుకో. తల వంచితే మెడ వెనక తగిలే ఎముక బొడిపె నుంచి, రెండు తుంటి ఎముకల పై అంచుల్ని కలిపే గీత దాకా టేపు పెట్టించుకో. నీకు 16 ఇంచిలు ఉంటుందేమో. ఈ బ్యాగుల్లో చాలావరకు మగవాళ్ల కొలతకే కుడతారు, బెల్టు నీ పొట్ట మీదకి వస్తుంది. కొలత మార్చుకునే వీలున్నదే కొను.

డబ్బు సంగతి. కిఫారు, స్టోన్ గ్లేసియర్, ఎక్సో లాంటి కంపెనీల బ్యాగులు 500 డాలర్లు దాటతాయి. మంచివే, నీ స్టూడెంట్ లోను తీరాక చూద్దాం. తక్కువలో అంటే ఆల్ప్స్ అవుట్‌డోర్స్ కమాండర్ ఉంది. బయటి ఫ్రేమ్, సంచి తీసేస్తే ఉత్త ఫ్రేమ్ మీదే మాంసం కట్టుకోవచ్చు. పగలంతా వీపున వేసుకుని తిరగడానికి కొంచెం పెద్దది, కొమ్మలకి తగులుతుంది. బ్యాడ్‌ల్యాండ్స్ 2200 అయితే ఒక్క రోజు వేటకి సరైన సైజు, షెల్ఫ్ ఉంది, వాడినవి దొరుకుతుంటాయి. అదీ వద్దంటే పాత మిలిటరీ సామాను అమ్మే కొట్లో అలీస్ ఫ్రేమ్ అడుగు. అందం లేదు, ఇనప మంచంలా ఉంటుంది, కానీ చవక, గట్టిది. సెకండ్ హ్యాండ్ అంటే నామోషీ పడకు. భుజం పట్టీ ఫ్రేమ్‌తో కలిసే చోట కుట్టు గోటితో గీకి చూసి తీసుకో. సెప్టెంబరు దాకా ఆగకు, అప్పుడు అందరూ ఎగబడతారు.

కొన్నాక ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు రెండు తెచ్చి, షెల్ఫ్‌లో కట్టి, మీ అపార్ట్‌మెంట్ మెట్లు నాలుగో అంతస్తు దాకా ఎక్కి దిగు. ఎక్కడం కాదు, దిగడం చూసుకో. భుజం దగ్గర వేళ్లు దూరాలి, తుంటి మీద బరువు తెలియాలి. ఎక్కడైనా ఒరుసుకుంటే వెంటనే వాపసు ఇచ్చెయ్. ఆ 40 పౌండ్లే నీ హద్దు. నీ బరువులో మూడో వంతు అది. బ్యాగు 100 మోస్తుందని డబ్బా మీద రాసి ఉన్నా సరే, నువ్వు మోయకు. ఇద్దరు మనుషులు, రెండు రోజులు, నాలుగు మూటలు. అంతే. తొందరేం లేదు, మాంసం ఎముక తీసి నీడన కట్టేస్తే అక్టోబరు చలిలో ఆగుతుంది. మొదటి ట్రిప్పులో రైఫిల్ కూడా ఉంటుందని మర్చిపోకు.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. నడుం పైన 500 చదరపు ఇంచిల ఫ్లోరోసెంట్ ఆరెంజి లేదా పింకు వేసుకోవాలని, తలమీద అదే రంగు ఉండాలని క్లాసులో చెప్పే ఉంటారు. మూట వీపుకెత్తుకోగానే వెనకవైపు ఆరెంజి చొక్కా మొత్తం కనపడకుండా పోతుంది. వెనకనుంచి చూసేవాడికి గోధుమరంగు మూట కదులుతూ కనిపిస్తుంది, ఎల్క్ అనుకోవచ్చు. నాలుగు డాలర్ల ఆరెంజి గుడ్డ కొని మూట చుట్టూ కట్టు. మీ అమ్మ కోసమైనా కట్టు.

నా పాత ఫ్రేమ్ గ్యారేజీలోనే ఉంది కానీ అది నా ఎత్తుకి, నీకు పెట్టనివ్వను. కొలత తీసి వాట్సాప్‌లో పంపు, కొనే ముందు నాకు చూపించు. సగం డబ్బు నేనిస్తాను, మీ అత్తకి తెలుసు. నీతో వచ్చే ఆ కొలీగ్ ఎవరు? ఎల్క్ మోసిన అనుభవం ఉందా, వీడియోలు చూసినవాడేనా? అతని నంబరు కూడా పంపు. ఊరికే మాట్లాడతాను, భయపెట్టనులే.

మామయ్య