ఆ ఇరవై నిమిషాలు రాయి

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ మూడుసార్లు చదివాను. కథతో పాటు పెట్టిన ఉత్తరం అయిదుసార్లు చదివాను. కథలో లేనిదంతా ఆ ఉత్తరంలో ఉంది.

కథలో మీ తమ్ముడు దేవనహళ్లిలో విమానం ఎక్కుతాడు. స్పెయిన్‌లో దిగి సముద్రం చూస్తాడు. నెల తిరిగేసరికి చివరి మ్యాచ్‌లో పెనాల్టీ ఆపుతాడు, కోచ్ పరుగున వచ్చి కౌగిలించుకుంటాడు. ఉత్తరంలో ఏం రాశావు? వాడు ఆ ఫుట్‌బాల్ జట్టులో మూడో గోల్‌కీపర్. నాలుగు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు జరిగితే ఒక్కదాంట్లో ఆఖరి ఇరవై నిమిషాలు దించారు. బంతి వాడి దాకా వచ్చింది రెండేసార్లు. తిరిగొచ్చాక జట్టులో పేరు లేదు. 'ఇది రాస్తే ఎవరు చదువుతారు సార్?' అని అడిగావు. నేను చదువుతానమ్మా.

నువ్వు కల్పించి రాశావని కాదు నా బాధ, కథలో కల్పన ఉంటుంది. కానీ ఆ పెనాల్టీ వల్ల ప్రీసీజన్ క్యాంపు, అంటే అసలు పోటీలకు ముందు జట్టు సాధన చేసే క్యాంపు, కాస్తా ఫైనల్ మ్యాచ్ అయిపోయింది. క్యాంపులో గెలుపు ఉండదు. ఆ మ్యాచ్‌లకు పాయింట్లు లేవు. సగం ఆట కాగానే కోచ్ పదకొండు మందినీ మార్చేస్తాడు, చాలాసార్లు చూడ్డానికి జనం కూడా ఉండరు. స్కోరు ఎంతో వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. అయినా ఒక్కో కుర్రాడి బతుకు తేలేది అక్కడే. ఎవరూ లెక్కపెట్టని మ్యాచ్‌లో తన లెక్క తేలిపోతోందని తెలిసి ఆడే పిల్లాడి గుండె ఎలా కొట్టుకుంటుందో అది రాయి. పెనాల్టీ ఆపితే ఆ గుండె చప్పుడు పాఠకుడికి వినపడదు, చప్పట్లే వినపడతాయి.

అసలు జట్లు అంత దూరం ఎందుకు వెళ్తాయో కథలో ఒక్క ముక్కన్నా తెలియాలి. యూరప్ క్లబ్బులు జూలైలో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కొండల్లోకి వెళ్తాయి. అక్కడ చల్లగా ఉంటుంది, పచ్చిక బాగుంటుంది, పూటకొక సెషన్ చొప్పున రోజుకు రెండుసార్లు పిండేసినా ఒళ్లు తట్టుకుంటుంది. పెద్ద క్లబ్బులు అమెరికా, జపాన్ తిరిగేది వేరే, అందులో జెర్సీల వ్యాపారం ఎక్కువ. మన దగ్గర 2014లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైన ఏడాదే అట్లెటికో డి కోల్‌కతా స్పెయిన్‌లో సాధన చేసి వచ్చి ఆ మొదటి కప్పు ఎత్తింది. కేరళ బ్లాస్టర్స్ 2017లో స్పెయిన్‌కు, 2024లో థాయ్‌లాండ్‌కు వెళ్లింది. మన క్లబ్బులకు ఆ నెలల్లో ఇక్కడ వానలు, తడిసిన గ్రౌండ్లు. పైగా ఇల్లు, ఫోను, చుట్టాలు, పెళ్లిళ్లు అన్నిటికీ దూరంగా ముప్పై మందిని ఒక హోటల్లో పెడితే నెలరోజుల్లో ఒక జట్టవుతుందని ఆశ. ఆ ముప్పైలో కొందరు మిగలరన్నది కూడా అందరికీ తెలుసు. ఒకే బల్ల మీద తింటూ, ఒకే స్థానం కోసం పోటీపడుతూ, రాత్రికి ఒకే గదిలో పడుకుంటారు. మీ తమ్ముడి గదిలో ఉన్నది రెండో గోల్‌కీపర్ అని ఉత్తరంలో రాసి వదిలేశావు. ఎంత పెద్ద సంగతిని అలా వదిలేశావో చూడు! వాళ్లిద్దరూ లైటు ఆర్పాక ఏం మాట్లాడుకునేవాళ్లు? తమ్ముణ్ని అడుగు. చెప్పకపోతే ఆ మౌనాన్నే రాయి.

ఇంకొకటి. మన జిల్లా పిల్లాడికి స్పెయిన్ పూర్తిగా పరాయి దేశం కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి, పేదల కోసం ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పెట్టి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. బత్తలపల్లిలో ఆయన సమాధి దగ్గర చేతులు జోడించే రైతులను నువ్వూ చూసే ఉంటావు. మీ తమ్ముడు ఆర్‌డీటీ గ్రౌండ్‌లో బంతి పట్టడం నేర్చుకున్నానని చెప్పాడంటే, ఆ దేశం నుంచి వచ్చేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాడన్నమాట. అలాంటివాడు మాడ్రిడ్‌లో దిగి 'అబ్బా!' అని నోరెళ్లబెడతాడా? నాకు నమ్మకం కలగలేదు. మన ఊరికి వచ్చినవాళ్ల ఇంటికి మొదటిసారి వెళ్లినట్టు కాస్త బిడియంగా అడుగు పెట్టి ఉంటాడు.

ఇక మీ అమ్మ. స్పెయిన్‌కూ మనకూ వేసవిలో మూడున్నర గంటల తేడా. వాడు భోంచేసి రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. చెనక్కాయలు ఒలుస్తూ అంతదాకా మేలుకునేదని రాశావు. వీడియో కాల్‌లో వాడి ఒంటి మీద నల్లటి జీపీఎస్ వెస్ట్ చూసి 'ఏం నాయనా, ఆడపిల్లల బాడీ తొడుక్కున్నావు?' అని అడిగిందట. అది వీపు మీద చిన్న యంత్రం పెట్టి, ఎంత పరుగెత్తాడో, ఎంత వేగంగా పరుగెత్తాడో కొలిచే బట్ట అని వాడు చెబితే, 'తిన్నావా లేదా అది కొలుస్తుందా?' అందట. ఇంత మంచి మాట కథలో ఎందుకు లేదమ్మా? విమానంలో మబ్బుల గురించి పేజీన్నర రాశావు. ఆ పేజీన్నర తీసెయ్. అక్కడ మీ అమ్మను కూర్చోబెట్టు.

నేను జిల్లా విలేకరిగా ఉన్న కొత్తలో ఒక మ్యాచ్‌కు వెళ్లకుండానే ఫోన్‌లో విని వార్త రాశాను. ఒక కుర్రాడు 'అద్భుతంగా రాణించాడు' అని రాశాను. మర్నాడు వాడు పేపరు పట్టుకుని ఇంటికొచ్చి, 'సార్, నిన్న నేను బెంచీ మీదే ఉన్నా' అన్నాడు. కోపంగా కాదు, మెల్లగా అన్నాడు. మా నాన్న ఇది అందరికీ చూపిస్తున్నాడు, ఏం చెప్పమంటారు అని అడిగాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ గొంతు మర్చిపోలేదు. మీ తమ్ముడు నీ కథ చదువుతాడు కదా. పెనాల్టీ దగ్గరికి వచ్చేసరికి వాడి ముఖం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకో.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి అంటావా? గ్లవ్స్ దగ్గర. కీపర్ గ్లవ్స్ అరచేతి వైపు లేటెక్స్ ఉంటుంది. ఆటకు ముందు నీళ్లతో తడిపితేనే బంతి అంటుకుంటుంది. ఉతికాక నీడలోనే ఆరబెట్టాలి, ఎండ తగిలితే పగులుతుంది. మన ఎండకు మిద్దె మీద వేస్తే గంట పట్టదు పాడవడానికి. చిన్నప్పుడు మీ అమ్మ తెలియక అలా ఆరేసి ఒక జత పాడు చేసిందనీ, వాడు ఒక్క మాటా అనకుండా వాటితోనే ఆ ఏడాదంతా ఆడాడనీ నువ్వే రాశావు. అక్కడి హోటల్ బాత్రూంలో రోజూ రాత్రి ఉతికి, తువ్వాలులో చుట్టి నీళ్లు పిండి, కుర్చీ వీపుకు తగిలించే ఆ చేతుల్ని చూపించు. నెలరోజులు ప్రతి మ్యాచ్‌కూ తడిపి, తొడుక్కుని, బెంచీ మీద కూర్చుంటే అవి చేతులకే ఆరిపోయేవి. మళ్లీ తడిపేవాడు. డెబ్బయ్యో నిమిషంలో కోచ్ పిలిచినప్పుడు తడిగా ఉన్నాయా, ఆరిపోయి ఉన్నాయా? వచ్చిన ఆ రెండు బంతులూ ఎలా వచ్చాయి? ఒకటి నేల మీద దొర్లుకుంటూ వచ్చి ఉండొచ్చు, చిన్నపిల్లాడైనా పట్టేసే బంతి. దాన్ని గుండెకు ఎంతసేపు హత్తుకున్నాడు?

ఇవి నేను చెప్పలేను, నువ్వూ ఊహించి రాయొద్దు. ఆదివారం వాడి పక్కన కూర్చుని అడుగు. నోట్‌బుక్ తీయకు, తీస్తే వాడు ఇంటర్వ్యూలో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

మళ్లీ రాసి పంపు, ఎన్ని పేజీలైనా సరే. పెద్ద అక్షరాలతో రాయి, కళ్లు సరిగ్గా ఆనడం లేదు. అన్నట్టు, ఆ స్పెయిన్ గ్లవ్స్ మీ ఇంట్లోనే ఉన్నాయా? ఉంటే పారెయ్యనివ్వకు. టవర్ క్లాక్ వైపు వచ్చినప్పుడు నేనే మీ ఇంటికి వచ్చి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ సార్